ఇత్తడి చంద్రుడు, నాయన సాక్ష్యం

భూమి వచ్చిన తరువాతి వారం చంద్రుడు రాలేదు. చిలకలూరిపేట బస్టాండు పక్కన పేపర్ల ఏజెంటు కట్ట విప్పి, ఒక్కో పుస్తకం ఎత్తి చూసి, "మాస్టారూ, మీ చంద్రుడు గుంటూరులోనే దిగిపోయినట్టున్నాడండి" అన్నాడు. పక్క బంకులో టీ తాగుతున్న లారీ డ్రైవర్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఆ వారపత్రిక ఇంగ్లీషుది. ప్రతి సంచికకూ ఒక ప్లాస్టిక్ సంచి అంటించి ఉండేది. అందులో కొన్ని ఇత్తడి పళ్ళచక్రాలు, సన్నటి కడ్డీలు, గుండుసూది తలకాయంత మరలు. వారం వారం కొని, చెప్పిన వరసలో బిగించుకుంటూ పోతే చివరికి సూర్యుడి చుట్టూ గ్రహాలు తిరిగే యంత్రం తయారవుతుంది. పిడి తిప్పితే ఏ గ్రహం వేగం దానిదే. ఒక్క వారం తప్పిపోతే ఆ చక్రం ఇంకెక్కడా దొరకదు, మిగతావన్నీ ఉన్నా యంత్రం కదలదు. అందుకని ప్రతి శుక్రవారం పేటలో జుమా నమాజు ముగించుకుని, ఏజెంటు దగ్గరికి గుండె చేత్తో పట్టుకుని వెళ్ళేవాణ్ణి. నమాజులో కూడా మనసు ఆ కట్ట మీదకే పోయేది. దానికి అక్కడే క్షమాపణ కోరుకునేవాణ్ణి.

ఇదంతా రంజాను ఆగస్టు నెల వైపు జరుగుతూ, వానల్లోకి వచ్చిన రోజుల మాట. పేటకి కొద్ది దూరంలో, పత్తి చేల మధ్య మా ఊరు. అక్కడ ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేవాణ్ణి. సాయంత్రాలు మసీదులో పిల్లలకి అరబ్బీ అక్షరాలు దిద్దించేవాణ్ణి. చిన్నప్పుడు నన్ను గుంటూరులో మదరసాలో వేశారు. సూర్యచంద్రులు ఒక లెక్కకి కట్టుబడి నడుస్తారని, ఎవరి దారిలో వాళ్ళు ఈదుతూ పోతారని అక్కడ రాగం తీసి కంఠస్థం చేశాను. ఆ లెక్క ఎలా ఉంటుందో ఏనాడూ ఊహించలేదు. ఏజెంటు దుకాణంలో మొదటి సంచిక బొమ్మ చూసిన రోజున ఆ వాక్యమే నోటికి వచ్చింది. దేవుడు నడిపే లెక్కని ఒక్కసారి నా వేళ్ళతో తాకి చూడాలనిపించింది. అంతకంటే పెద్ద కారణం లేదు.

మా మేనమామ మసీదుకి ముతవల్లి, అంటే మంచిచెడ్డలు చూసే పెద్ద. ప్రాణుల బొమ్మలు మనకి కూడవనే ఆయన వచ్చి యంత్రం చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "దీనికి కళ్ళూ ముక్కూ లేవు కదరా?" అని అడిగాడు.

"లేవు మామా. గుండ్రటి ఉండలే."

"అయితే పర్లేదు. కానీ ఇంట్లో పెట్టుకో, మసీదులోకి తేకు."

మాది దూదేకుల కుటుంబం. మా తాత దూదేకే విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగేవాడు. నాయన కాలానికి మిషను వచ్చింది. మిషను గదిలో, వరండాలో, అమ్మ జడలో, అన్నం పళ్ళెంలో దూది ఎగురుతూనే ఉండేది. నాయన వరండాలో కూర్చుని పరుపులు కుట్టేవాడు. అయితే ఊరి లెక్కలో ఆయన పరుపుల మనిషి కాదు, నెలవంక చూసే మనిషి.

ఈ మాట కొంచెం వివరంగా చెప్పాలి. మా నెల మొదలవ్వాలంటే ఇరవై తొమ్మిదో రోజు సాయంత్రం వంకని కళ్ళతో చూడాలి. ఆకాశం తేటగా ఉంటే చాలామందికి కనపడాలి. మబ్బు పట్టి ఉంటే, రంజాను మొదలవడానికి నమ్మకమైన ఒక్క మనిషి "చూశాను" అని సాక్ష్యం చెప్పినా చాలు. మా ఊరికి ఆ ఒక్క మనిషి నాయన. పొద్దుగూకిన వెంటనే చేసే మగ్రిబ్ నమాజు కాగానే మసీదు డాబా ఎక్కి, అందరికంటే ముందు పట్టుకునేవాడు. తరవాత ఒక్కొక్కణ్ణి దగ్గరికి లాక్కుని, వాడి భుజం మీదుగా చెయ్యి చాపి, "నా గోరు చివర చూడు, కనపడిందా?" అనేవాడు. కింద రోడ్డు మీద రైతులు ఎడ్లబండో మోటార్ సైకిలో ఆపి, "సాయిబు గారూ, రేపేనా?" అని అరిచేవాళ్ళు. వాళ్ళకీ ఆ కబురు కావాలి. మా ఆడవాళ్ళు మర్నాడు మిరప నాట్లకి వస్తారో రారో దాన్ని బట్టే తేలేది.

చంద్రుడు చివరికి ఇంకో వారానికి వచ్చాడు. బఠాణీ గింజంత తెల్లపూస, దాన్ని భూమి చుట్టూ తిప్పే చిన్న కడ్డీ, కింద చక్రాలు. ఇంగ్లీషు నిఘంటువు ముందు పెట్టుకుని ఒక్కో వాక్యం అర్థం చేసుకుంటూ బిగించాను. ఆకాశంలో ఆ రోజు చంద్రుడు ఎక్కడున్నాడో చూసి పూసని అక్కడ నిలిపాను. మిగతా గ్రహాలు రాకపోయినా అప్పటికి బిగించినంతవరకు యంత్రం తిరిగేది. రోజూ తెల్లవారి నమాజు తరవాత పిడిని కాస్త తిప్పితే ఆకాశంలో చంద్రుడు, నా బల్ల మీద చంద్రుడు కలిసే నడిచేవాళ్ళు.

అప్పటిదాకా నాయన ఆ యంత్రం వైపు చూడలేదు. "వాడి బొంగరాలు" అనేవాడు. చంద్రుడు వచ్చాక ఒక సాయంత్రం స్టూలు లాక్కుని దాని ముందు కూర్చున్నాడు.

"ఇందులో మనం ఎక్కడ?"

భూమి మీద ఆయన బొటనవేలు పెట్టాను. చూపుడువేలు సూర్యుడి వైపు చాపించాను. పూస ఎక్కడ తగులుతుందో చూడమన్నాను. ఆయన కళ్ళు గోడ వైపు పెట్టుకుని వేళ్ళతోనే వెతికి పట్టుకున్నాడు.

"అయితే వంక పుట్టినప్పుడు సూర్యుడు దిగిన చోటికి ఎడంపక్కన ఉండాలన్నమాట."

"అవును నాయనా."

"ఎంత ఎడంగా?"

"రోజుని బట్టి."

ఆయన తల ఊపాడు. ఆ రోజు నుంచి ప్రతి సాయంత్రం వచ్చి కూర్చునేవాడు. మా ఇద్దరి మధ్య పని మాటలు తప్ప పెద్దగా మాటలుండేవి కావు. ఇప్పుడు నాయన అడుగుతున్నాడు, నేను చెప్తున్నాను. దేవుడు ఈ ఇత్తడి ముక్కల ద్వారా నాకు నాయనని ఇచ్చాడనుకుని సంతోషపడ్డాను. ఆ సంతోషంలో ఆయన ఎందుకు చూడకుండా తడుముతున్నాడన్నది నాకు తట్టలేదు.

అది తట్టింది రంజానుకి ముందు నెల వంక కోసం డాబా ఎక్కిన రోజున. నాయన ఎప్పట్లాగే నిలబడి, సెల్ టవరుకి ఎడంగా చెయ్యి చాపి, "అదిగో" అన్నాడు. నిజంగానే అక్కడ ఉంది. సన్నగా, గోటి గీతలా. అందరం చూశాం. మామ నాయన వీపు మీద చరిచి, "గద్ద కళ్ళు బావా నీవి" అన్నాడు. అంతలో నల్లటి మబ్బు ఒకటి వచ్చి వంకని పూర్తిగా మూసేసింది. అందరూ చేతులెత్తి కొత్త నెల దువా చదువుకుని మెట్ల వైపు మళ్ళారు. నాయన మాత్రం అక్కడే నిలబడి, చెయ్యి దించకుండా, పక్కనున్న నాతో అన్నాడు: "ఇప్పుడు చూడు, ఇంకా తేటగా ఉంది."

నేను ఆ మబ్బునీ, ఆయన వేలినీ మార్చి మార్చి చూశాను.

ఇంటికి వచ్చి వంటింట్లో అమ్మని అడిగాను. అమ్మ చేస్తున్న పని ఆపలేదు.

"ఆయనకి కళ్ళు ఆనటం లేదని నీకిప్పుడు తెలిసిందా? పోయిన పండగ అయిన కాణ్ణుంచీ సూదిలో దారం నేనే ఎక్కిస్తన్నా."

"డాక్టరు దగ్గరికి..."

"దూది ధూళి అంటాడు. పోతుందంటాడు. ఎవరికన్నా చెప్పావంటే మసీదు మెట్లెక్కను అంటాడు. నువ్వు చెప్పి చూడు, నీ మాటన్నా వింటాడేమో."

నాకు వచ్చిన భయం ఆయన కళ్ళ గురించి మాత్రమే కాదు. అది కూడా ఉంది. కానీ అంతకంటే పెద్ద భయం ఇంకొకటి. వచ్చే నెల రంజాను. నైరుతి మబ్బులు వదలని రోజులు. ఆ సాయంత్రం ఎవరికీ ఏమీ కనపడకపోతే ఊరంతా నాయన నోటి వైపు చూస్తుంది. ఆయన బల్ల మీద పూసని తడిమి, టవరుకి ఎడంగా వేలు చూపించి, దేవుడి పేరు మీద "చూశాను" అంటే? ఊరు ఉపవాసాలు మొదలుపెడుతుంది. నాయన నోట అబద్ధపు సాక్ష్యం ఉంటుంది.

మదరసాలో మా ఉస్తాదు ఒక హదీసు చెప్పేవారు. ప్రవక్త ఘోరమైన పాపాలు ఒక్కొక్కటీ చెప్తూ ఆనుకుని కూర్చున్నవారు, అబద్ధపు సాక్ష్యం దగ్గరికి వచ్చేసరికి నిటారుగా లేచి కూర్చుని, ఆ మాటే మళ్ళీ మళ్ళీ చెప్తూ పోయారట. ఇక ఆపితే బాగుండునని విన్నవాళ్ళకి అనిపించేదాకా. అది చెప్పేటప్పుడు ఉస్తాదు కూడా దిండుకి ఆనుకున్న వీపుని ఎత్తేవారు. ఆ వీపు లేవటం నాకు ఆ నెలంతా కళ్ళ ముందు కనపడుతూనే ఉంది.

ఒకసారి ధైర్యం చేశాను. నాయన పూసని తడుముతుంటే, "ఇది బొమ్మ నాయనా" అన్నాను.

"బొమ్మని నేనెరగనా?"

"పూస సూర్యుడికి ఎడంగా వచ్చిందంటే ఆకాశంలో కనపడుతుందని కాదు. వెలుగులో కలిసిపోవచ్చు. మబ్బుండొచ్చు. దీనికి మబ్బు తెలీదు. అంతా ఉరామరిగానేనని ఆ పుస్తకంలోనే రాశారు."

"పోయిన నెల తప్పిందా?"

"తప్పలేదు."

"మరి?"

ఆ 'మరి'కి జవాబు నా దగ్గర ఉంది. నీకు కనపడటం లేదు నాయనా, అన్నదే ఆ జవాబు. నోరు తెరిచాను. ఆయన ముఖం నా వైపే ఉంది, కానీ చూపు నా చెవి పక్కగా ఎక్కడో వాలింది. నోరు మూసుకున్నాను. తండ్రి ముందు విసుగు మాట కూడా అనొద్దని నేనే పిల్లలకి చెప్పేవాణ్ణి.

ఇంకోరోజు ఒంటరిగా ఉన్నప్పుడు ఒక ఆలోచన వచ్చింది. పూసని సూర్యుడికి కుడిపక్కకి జరిపేస్తే? నాయన తప్పు చోట వేలు చూపిస్తాడు. ఎవరూ నమ్మరు. పాపం తప్పుతుంది. పూసని వేళ్ళ మధ్య పట్టుకున్నాను కూడా. నలుగురి ముందు ఆయన వేలు ఖాళీ ఆకాశంలో కుడివైపు నిలబడటం కనిపించింది. మామ నవ్వు వినిపించింది. వదిలేశాను. యంత్రాన్ని విప్పి పెట్టెలో పెట్టేద్దామనుకున్నాను, అదీ చెయ్యలేదు. వానాకాలపు సాయంత్రం తేటగా ఉండేలా చెయ్యమని, వంక అందరికీ కనపడేలా చెయ్యమని నేలకి నుదురు ఆన్చి సజ్దాలో వేడుకున్నాను. లెక్క నేర్పినవాణ్ణి లెక్క తప్పించమని అడుగుతున్నానేమోనని మళ్ళీ దానికీ భయపడ్డాను.

ఆ రోజు రానే వచ్చింది. మధ్యాహ్నం ఒక జల్లు పడి ఆగింది. సాయంత్రానికి పడమరంతా బూడిద రంగు. అక్కడక్కడ చిరుగులు. నేను బడి నుంచి వచ్చేసరికి నాయన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. బొటనవేలు భూమి మీద, చూపుడువేలు సూర్యుడి వైపు. పూస ఎడంగా, సన్న సందుతో నిలబడి ఉంది.

మగ్రిబ్ తరవాత డాబా నిండిపోయింది. పోయిన సంవత్సరం పండగ వంకని పేటవాళ్ళు చూసి ఫోను చేస్తే తప్ప మా ఊరికి తెలియలేదన్న ఉక్రోషం అందరిలో ఉంది. మామ చేతిలో సెల్ ఫోను.

"ఏం బావా, ఈసారన్నా పేటోళ్ళకంటే ముందు మనం చెప్తామా, లేక మళ్ళీ వాళ్ళ ముందు తలదించుకోవాలా?"

"నీ తలెప్పుడు ఎత్తావు గనక దించడానికి?" అన్నాడు నాయన. అందరూ నవ్వారు.

కింద రోడ్డు మీద నుంచి ఒక రైతు మోటార్ సైకిలు ఆపకుండానే అరిచాడు: "సాయిబు గారూ! రేపు నాట్లకి మనుషులొస్తారా రారా? తేల్చండి, నారు పీకిచ్చాను!"

నాయన గోడ అంచు దాకా వెళ్ళాడు. టవరు ఎటు ఉందో పక్కవాణ్ణి అడగలేదు. గోడ మూలని మోకాలితో తాకి, దాన్ని బట్టి తిరిగి, చెయ్యి చాపాడు. వేలు సరిగ్గా టవరుకి ఎడంగా, కొంచెం పైన నిలిచింది. అక్కడ మందమైన మబ్బు.

"ఎక్కడ? ఎక్కడ?"

"నాకేం ఆనటం లేదురా."

"నీకు ఆనితే ఆయన్నెందుకు పిలుస్తారు, నిన్నే పిలుస్తారు కదా."

మాకు నమాజు చదివించే పేష్ ఇమాం హజ్రత్ కూడా కళ్ళద్దాలు తుడుచుకుని చూసి, తల అడ్డంగా ఊపారు. మామ నాయన దగ్గరికి వచ్చాడు. "మబ్బుంది. నువ్వొక్కడివి చాలు. సాక్ష్యం చెప్పు బావా, పేటకి ఫోను కొడతా."

ఒక్క అడుగు ముందుకి వేశాను. ఏం చెయ్యాలనో నాకే తెలియదు.

నాయన చెయ్యి దించలేదు. "చెప్తా. ముందొక మాట అడగాలి."

"నన్నా?"

"నిన్ను కాదు. మావాణ్ణి. మదరసాలో చదివించాంగా, ఇట్టాంటప్పుడన్నా పనికి రావాలి." ఆయన ముఖం నా వైపు తిప్పలేదు. "ఏరా, ఉన్నావా?"

"ఉన్నాను నాయనా."

"ఒక మనిషి ఉన్నాడు. చంద్రుడు ఎక్కడున్నాడో ఆ మనిషి చేతులకి తెలుసు. తప్పు లేకుండా తెలుసు. కళ్ళకి మాత్రం తెలీదు. ఆ మనిషి సాక్ష్యం చెల్లుద్దా?"

చాలామందికి అర్థం కాలేదు. మామకి కొంచెం కొంచెంగా అర్థమవుతున్నట్టు ముఖం మారింది. నాకు పూర్తిగా అర్థమైంది. నేను నెలంతా చెప్పలేక మింగిన మాటని ఆయన తెచ్చి నా చేతిలోనే పెట్టాడు. చెల్లుతుందంటే దేవుడి ముందు దోషిని. చెల్లదంటే ఊరి ముందు నాయనకి కళ్ళు లేవని తీర్పు చెప్పినట్టు. హజ్రత్ ఉన్నారు కదా, ఆయన్ని అడగమందామనుకున్నాను. ఆయన నా వైపే చూస్తున్నారు.

"చెల్లదు నాయనా" అన్నాను.

"గట్టిగా చెప్పు. వెనకోళ్ళకి వినపడాలి."

"చెల్లదు. వంకని కళ్ళతో చూసినవాడే సాక్ష్యం చెప్పాలి."

అప్పుడు చెయ్యి దించాడు. "విన్నావుగా బావా. నేను చూడలేదు. పోయిన రంజాను వంక చూశాను, అంతే. ఆ తరవాత ఏ వంకా చూడలేదు. మొన్నటి నెలది మీరంతా చూశారు, నేను చూడలేదు."

మామ ఫోను ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. "నాతో ఒక్క మాటన్నా చెప్పొద్దా బావా?"

"చెప్తే ఇక్కడికి ఎక్కనిస్తారా?"

హజ్రత్ మెల్లగా, నెల ముప్ఫై రోజులు పూర్తి చేద్దామని, వేరే నమ్మకమైన కబురు వస్తే అప్పుడు చూద్దామని చెప్పారు. జనం మెట్లు దిగటం మొదలుపెట్టారు. "ఇన్నేళ్ళూ ఏలు చూపిచ్చి ఇప్పుడు కళ్ళు లేవంటాడేందిరా" అని ఎవరో గొణిగారు. ఆ గొణుగుడు నాయనకి వినపడింది. కళ్ళు తగ్గాక ఆయన చెవులు పదునెక్కాయని నాకప్పుడే తెలిసింది. ఆయన నా భుజం కోసం చెయ్యి చాపాడు. పట్టుకుని దింపాను. ఇంటి దాకా అడుగడుగునా, ఆయన ఇక డాబా ఎక్కడేమో, మసీదుకే రాడేమో, నా ఒక్క మాటతో ఆయన్ని కలిసి నమాజు చేసే జమాతు నుంచి విడదీశానేమో అన్న దిగులు నన్ను తొలిచేసింది.

మేము ఇంటికి చేరి కాళ్ళు కడుక్కునేలోపే మామ రొప్పుతూ వచ్చాడు. ఫోను ఇంకా చేతిలోనే ఉంది.

"పేట నుంచి ఫోనొచ్చింది! హైవే పక్కన మబ్బు చిరిగిన కాడ పదిమంది చూశారంట. అక్కడి హజ్రతే మాట్లాడాడు, మన హజ్రత్ ఒప్పుకున్నాడు. రేపు రోజా." ఒక్క క్షణం ఊపిరి తీసుకుని నాయన వైపు తిరిగాడు. "బావా, ఎక్కడ చూశారో తెలుసా? నువ్వు ఏలెట్టిన చోటే. సరిగ్గా అక్కడే! చూశానని ఒక్క మాట అని ఉంటే మనమే ముందు చెప్పేవాళ్ళం కదా."

అమ్మ గుమ్మంలోకి వచ్చింది. నేను నాయన ముఖం చూడలేకపోయాను. వేలు చూపిన చోటే ఉంది. ఆయన చేతులు తప్పలేదు. ఆ 'చెల్లదు' అన్న మాట వెనక్కి తీసుకోమని అడుగుతాడా? తీసుకుంటానా?

"అక్కడుంటే మాత్రం ఏంటి బావా" అన్నాడు నాయన. "నేను చూడలేదుగా."

మామ, రంజాను రాత్రుల్లో చేసే తరావీ నమాజుకి చాపలు పరిపించాలంటూ వెళ్ళిపోయాడు. నాయన వరండా అరుగు మీద కూర్చుని, వుజూ కోసం చేతులు చాపాడు. చెంబుతో నీళ్ళు పోశాను. మోచేతుల దాకా కడుక్కుంటూ, తల ఎత్తకుండా అన్నాడు:

"చెల్లదన్నప్పుడు నీ గొంతు వణికింది."

"అవును నాయనా."

"చదువుకున్నోడివి. అట్టాంటి మాట వణక్కుండా చెప్పాలి."

"సరే నాయనా."

"పొయ్యి, ఇంకొంచెం పొయ్యి. కాళ్ళు కడగలేదు."

నీళ్ళు పోశాను. రాత్రి నమాజుకి ఇషా అజాన్ మొదలైంది. ఆయన లేచి, నా భుజం మీద చెయ్యి వేసి, మసీదుకి నడిపించమన్నాడు.